జాకెట్టు చేతుల పొడవు: వయసు లెక్క వేరు, టేపు లెక్క వేరు

దసరా, ఆ వెంటనే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, తర్వాత దీపావళి. ఆ రోజుల్లో విజయనగరంలో ఏ లేడీస్ టైలర్ కొట్టుకి వెళ్లినా నిలబడడానికి చోటుండదు. అంత రద్దీలో కూడా ఒకటి గమనించవచ్చు. పాతికేళ్ల అమ్మాయి జాకెట్టు ముక్క ఇస్తే "ఏ మోడల్ కావాలి?" అని ఫోన్లో ఫొటోలు చూపిస్తారు. యాభై దాటిన ఆవిడ ఇస్తే "చేతులు మోచేతి దాకా పెట్టేయమంటారా అమ్మా?" అని అడుగుతారు. అడగడం కూడా కాదు, సగం రాసేసుకున్నాక ఒక మాట అంటారంతే. ఆవిడకి మోడల్ ఉండదు, పొడవే ఉంటుంది.

ఆవిడ కూడా సరే అనేస్తుంది. ఎందుకంటే చెయ్యి లావుగా కనిపిస్తోందని ఇంట్లో అద్దం ముందు అప్పటికే అనుకుని ఉంటుంది. ఏదో ఫంక్షన్ ఫొటోలో తన చెయ్యి చూసుకుని ఉలిక్కిపడి ఉంటుంది. పొట్టి చేతులు వేసుకున్న రోజు వాళ్ల వదిన ఒక మాట అని ఉంటుంది. పోయిన ఏడాది కుట్టించిన జాకెట్టు చంక దగ్గర పట్టేసి ఇబ్బంది పెట్టి ఉంటుంది. ఇవన్నీ వేర్వేరు సంగతులు. ఒకటి శరీరానిది, ఒకటి కంటిది, ఒకటి కత్తెరది, ఒకటి నలుగురి నోటిది. అన్నింటికీ కలిపి మనం వేసే మందు మాత్రం ఒక్కటే, ఇంకో నాలుగు అంగుళాల గుడ్డ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలభై అయిదు దాటిన చాలామందికి అసలు పేచీ చేతి పొడవుతో లేదు. చేతి లూజుతో, చంక కొలతతో ఉంది. ఆ రెండూ కుదిరితే పొడవు ఎంత పెట్టుకోవాలన్నది దాదాపుగా ఇష్టం మీద ఆధారపడిన విషయమే. అవి కుదరకపోతే ఏ పొడవు పెట్టినా చెయ్యి బాగా కనపడదు, ప్రాణానికి సుఖమూ ఉండదు.

చేతిలో మారేది ఏమిటి

భుజానికీ మోచేతికీ మధ్య ముందు ఒక కండ, వెనక ఒక కండ ఉంటాయి. అందరికీ తెలిసింది ముందు కండ, మగపిల్లలు బిగించి చూపించేది. కానీ పై చేతి కండలో దాదాపు మూడింట రెండు వంతులు వెనకదే. బకెట్ ఎత్తినా, సంచీ మోసినా ముందు కండ పని చేస్తుంది. తోసే పని చేసినప్పుడే వెనకదానికి పని. రుబ్బురోలు, తిరగలి పోయి మిక్సీ వచ్చాక ఇళ్లలో తోసే పనులు బాగా తగ్గిపోయాయి. అలాగని మళ్లీ తిరగలి తెచ్చుకోమని అనడం లేదు, మా అమ్మమ్మల తరం వాటితో పడ్డ బాధ చాలు.

ముప్ఫై దాటాక కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. ఇది ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉన్నదే. ఆడవాళ్లకు దీనికి తోడు ఇంకొకటి. మన దేశంలో స్త్రీలకు నెలసరి ఆగిపోయే వయసు సగటున 46 - 47 ప్రాంతం. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గగానే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తగ్గిపోతుంది. నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం పోతుందని వైద్యులు లెక్కగట్టారు. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. అంటే నలభై ఎనిమిదేళ్ల ఆవిడ "రెండేళ్లలో చెయ్యి ఇలా అయిపోయిందేంటి" అంటే అది భ్రమ కాదు. నిజంగానే ఆ కొద్ది కాలంలో చాలా మారుతుంది.

ఇక మూడోది కొవ్వు. ఇది మనిషిని బట్టి, వంశాన్ని బట్టి ఉంటుంది. కండ, చర్మం, కొవ్వు మూడూ వేర్వేరుగా మారతాయి కాబట్టే బక్కపల్చగా ఉన్నావిడ చేతి కింద చర్మం వేలాడవచ్చు, బొద్దుగా ఉన్నావిడ చెయ్యి గుండ్రంగా గట్టిగా ఉండవచ్చు. "లావు తగ్గితే చేతులు బాగుపడతాయి" అనే సలహా అందుకే సగం కేసుల్లో పనిచేయదు. ఒక్కోసారి బరువు తగ్గాక చర్మం ఇంకా వదులవుతుంది.

వ్యాయామం చేస్తే? ఒక చోట కండకు పని చెప్పినంత మాత్రాన ఆ చోట కొవ్వు కరగదు. కండ మాత్రం ఏ వయసులోనైనా పెరుగుతుంది. గోడకు రెండు చేతులూ ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ తోయడం, కుర్చీ చేతుల మీద బరువు మోపి పైకి లేవడం లాంటివి వెనక కండకు మంచి పని. కండలకు బలాన్నిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ చెబుతోంది. అది జాకెట్టు కోసం చెప్పింది కాదు. మెట్లెక్కడానికి, జారి పడకుండా ఉండడానికి, డెబ్బయ్యో ఏట కూడా తన పని తాను చేసుకోవడానికి. చెయ్యి కాస్త బిగిస్తే అది కొసరు. వదులైన చర్మం పూర్తిగా మునుపటిలా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్రీములు అమ్మేవాళ్లు చెబితే అసలే నమ్మకండి.

చేతుల్ని దాచుకునేటప్పుడు డాక్టరుకు చూపించాల్సినవి కూడా దాచేస్తుంటాం. చంకలో, మెడ వెనక చర్మం నల్లబడి మఖమల్‌లా దళసరిగా మారితే అది సరిగ్గా రుద్దుకోకపోవడం వల్ల వచ్చిన మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. పీచు పెట్టి రుద్దడం మాని షుగర్ పరీక్ష చేయించుకోవాలి. ఒక చెయ్యి మాత్రమే ఉబ్బి, ఆ వైపు జాకెట్టు చెయ్యి బిగుతవుతుంటే కూడా చూపించుకోవాలి. రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసినవాళ్లకు ఆ వైపు చేతిలో నీరు చేరే అవకాశం ఎప్పటికీ ఉంటుంది. వాళ్లకు ఆ చేతిని ఒత్తిపట్టే కుట్టు మంచిది కాదు. టైలర్‌కి మొహమాటపడకుండా చెప్పాల్సిన విషయమిది. కారణం చెప్పనక్కర్లేదు, "ఈ వైపు ఒక అంగుళం ఎక్కువ వదులు" అంటే చాలు.

చాలామందిని ఇబ్బంది పెట్టేది, ఎవరూ జాకెట్టుతో ముడిపెట్టి ఆలోచించనిది భుజం పట్టేయడం. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. ఎక్కువగా 40 - 60 మధ్య, మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. మామూలు జనంలో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో పది నుంచి ఇరవై మందికి వస్తుంది. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. ఆ రోజుల్లో చెయ్యి పైకి లేవదు, వెనక్కి తిరగదు. వెనక హుక్కుల జాకెట్టు ఒంటరిగా వేసుకోవడం అసాధ్యం. బిగుతు మోచేతి చేతులున్న జాకెట్టులోంచి చెయ్యి బయటికి తీయడమంటే కళ్ల వెంట నీళ్లే. ఇంట్లో సాయం చేసేవాళ్లు లేక రోజంతా నైటీ మీదే ఉండిపోయి, గుమ్మంలోకి ఎవరైనా వస్తే పైన తువ్వాలు కప్పుకునేవాళ్లు ఎందరో. వాళ్లకు కావాల్సింది ముందు హుక్కులు, వదులు చేతులు, కాస్త సాగే గుడ్డ. "ఆవిడ ఈ మధ్య చీర కట్టుకోవడం మానేసింది, ఒంటి మీద శ్రద్ధ పోయింది" అని మనమనుకునే చోట చాలాసార్లు కారణం భుజంలో ఉంటుంది.

కన్ను ఎక్కడ ఆగుతుంది

గుడ్డ ఆగి చర్మం మొదలయ్యే చోట ఒక అడ్డగీత పడుతుంది. చూసే కన్ను ఆ గీత దగ్గర ఆగుతుంది. గీత ఎక్కడుంటే అక్కడి వెడల్పునే చేతి మొత్తం వెడల్పుగా లెక్కేసుకుంటుంది. చేతుల పొడవు గురించి చెప్పే సలహాలన్నింటికీ మూలం ఇదొక్కటే. కాబట్టి చెయ్యి అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట గీత పడకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఆ వెడల్పు చోటు చాలామందికి చంకకు కాస్త దిగువన ఉంటుంది. భుజం కుట్టు నుంచి లెక్కేస్తే రమారమి అయిదారు అంగుళాల దగ్గర. మామూలు పొట్టి చేతుల జాకెట్టు ఆగేది సరిగ్గా అక్కడే. పైగా చీరలోంచి తీసిన జరీ అంచును ఆ చివరనే వేస్తారు. నాలుగు అంగుళాల బంగారు రంగు పట్టీ, చేతిలో అతి వెడల్పైన చోట, చుట్టూ. తర్వాత ఫొటో చూసుకుని నా చేతులు ఇంత లావా అని బాధపడతాం. అంచు వేయాలనుకుంటే సన్నగా వేయించుకోవాలి, లేదా గీతను అక్కడి నుంచి జరపాలి.

జరపడమంటే కిందికే జరపాలని రూలేమీ లేదు. ఇక్కడే మన సలహాదారులంతా ఒకే వైపు మొగ్గుతారు. చెయ్యి మొదలయ్యే చోటే, భుజం ఎముక మీదే గుడ్డ ఆగిపోతే భుజం నుంచి మణికట్టు దాకా మధ్యలో అడ్డగీతే ఉండదు. చెయ్యి ఒకే పొడవు గీతలా కనిపిస్తుంది. అందుకే భుజం దగ్గర పట్టీ వెడల్పుగా, చంక పైకి కుట్టిన స్లీవ్‌లెస్ జాకెట్టు కొందరు యాభై ఏళ్ల వాళ్లకు అయిదు అంగుళాల చేతుల కంటే బాగా నప్పుతుంది. సన్నటి పట్టీ అయితే అంత నప్పదు, చంక ముందు చర్మం మడత పడి బయటికొస్తుంది. లావు చేతులకు స్లీవ్‌లెస్ పనికిరాదన్న మాట సగమే నిజం.

మోచేతి దాకా పెట్టించుకునేవాళ్లకు ఒక చిన్న హెచ్చరిక. సరిగ్గా మోచేతి మడత మీద ఆపితే చెయ్యి మడిచిన ప్రతిసారీ అంచు ఒత్తుకుని ముడతలు పడుతుంది, రెండు గంటల్లో జాకెట్టు నలిగిపోయినట్టు ఉంటుంది. మడతకు ఒక అంగుళం పైన ఆపాలి. చాలామందికి ఇది భుజం నుంచి పది, పదకొండు అంగుళాల దగ్గర పడుతుంది. త్రీఫోర్త్ అయితే మోచేతికీ మణికట్టుకీ నడుమ, చెయ్యి సన్నబడే చోట ఆగుతుంది కాబట్టి చూడడానికి అన్నిటికంటే మంచిది. వంటింట్లో మాత్రం అన్నిటికంటే పనికిరానిది. సింకులో తడుస్తుంది, పోపు గిన్నెలో తగులుతుంది, పైకి మడిస్తే మోచేతి దగ్గర ఉండలా చుట్టుకుంటుంది. కాలేజీకో బ్యాంకుకో వెళ్లేటప్పుడు కుర్తాకి బాగుంటుంది.

బిగుతు విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. బిగించి కడితే సన్నగా కనిపిస్తామన్నది పచ్చి అబద్ధం. గుడ్డ చేతిని పట్టేస్తే అంచు కింద కండ పొంగుతుంది. ఆ పొంగు నీడ వేస్తుంది. ఆ నీడ ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. చేతికీ గుడ్డకీ మధ్య ఒక వేలు సులువుగా తిరిగేంత ఖాళీ ఉంటే అదే చెయ్యి సన్నగా కనిపిస్తుంది.

అడ్డచారలు లావు చూపిస్తాయి, నిలువు చారలు సన్నగా చూపిస్తాయి అని బట్టల కొట్టులో సేల్స్ అమ్మాయి దగ్గర్నుంచి అందరూ చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీనికి ఉల్టా చెప్పాడు. అడ్డగీతలతో నింపిన చతురస్రం సన్నగా, పొడుగ్గా కనిపిస్తుందన్నాడు. ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీకి చెందిన పీటర్ థాంప్సన్ బృందం ఆడవాళ్ల బట్టల బొమ్మలతో పరీక్షించి, అడ్డచారలు మనిషిని లావుగా చూపించవని 2011లో ప్రచురించింది. కాబట్టి చిన్న చారల ఇకత్ జాకెట్టు ముక్క నచ్చితే భయపడనక్కర్లేదు. చివరన వేసే ఒక్క దళసరి అంచుతోనే జాగ్రత్త, గుడ్డ నిండా ఉండే సన్న చారలతో కాదు.

గుడ్డ సంగతి కూడా ఇక్కడే. జార్జెట్, సాగే లైక్రా లాంటివి చేతికి అతుక్కుని ఉన్న ప్రతి మడతనీ చూపిస్తాయి. కాస్త నిలబడే నూలు గుడ్డ తన ఆకారంలో తానుంటుంది, లోపల చెయ్యి ఎలా ఉన్నా. మన పక్కనే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే ఖద్దరు అది. గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. సముద్రం గాలికి ఉక్కపోతతో ఉడికిపోయే కళింగపట్నం, భోగాపురం వైపు మే నెలలో అది ఎంత హాయో వేసుకున్నవాళ్లకు తెలుసు. నెలసరి ఆగే రోజుల్లో ఒళ్లంతా ఒక్కసారిగా ఆవిర్లు కమ్మే బాధ ఉన్నవాళ్లకైతే చేతి పొడవు కంటే ఈ గుడ్డ ఎంపికే ముఖ్యం. పాలిస్టర్ లైనింగ్ వేసిన పొట్టి చేతుల కంటే, లైనింగ్ లేని నూలు మోచేతి చేతులు చల్లగా ఉంటాయి.

ఆది జాకెట్టు చేసే అన్యాయం

టైలర్ దగ్గర మనలో చాలామంది టేపు పెట్టించుకోరు. సంచీలోంచి ఆది జాకెట్టు తీసి ఇస్తారు. ఆ ఆది ఎప్పటిది? పెద్దపాప పెళ్లికి కుట్టించింది. ఇప్పుడు ఆ పాపకి స్కూలుకెళ్లే పిల్లాడున్నాడు. పైన చెప్పిన మార్పులన్నీ జరిగిపోయాక కూడా కొత్త గుడ్డను ఆ పాత ఒంటికే కోయిస్తున్నాం. చాలదని తెలిసి "కొంచెం లూజు పెట్టు బాబూ" అంటాం. ఆ 'కొంచెం' ఎక్కడ పెట్టాలో చెప్పం. అతను నడుము దగ్గర పెడతాడు.

చంకకు గుడ్డ చాలకపోతే టైలర్లు తేలిగ్గా చేసే పని చంకను కిందికి దింపి కోయడం. మనకూ అదే సుఖమనిపిస్తుంది. కానీ జరిగేది వేరు. చంక కుట్టు శరీరానికి దగ్గరగా, పైకి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు చెయ్యి ఒక్కటే లేస్తుంది. కుట్టు కిందికి ఉంటే చెయ్యి ఎత్తగానే జాకెట్టు మొత్తం పైకి లాక్కుపోతుంది, నడుము దగ్గర ఎగబాకుతుంది, వీపు మీద ముడతలు పడతాయి. ఆర్టీసీ బస్సులో పైన కమ్మీ పట్టుకున్న ప్రతి ఆడమనిషీ రెండో చేత్తో జాకెట్టు కిందికి లాక్కుంటూ ఉండడం చూసే ఉంటారు. ఆ చంకలన్నీ దింపి కోసినవే. మనం ఆ ఇబ్బందిని మన ఒంటి లోపమనుకుంటాం.

అడగాల్సింది ఇదీ. చంక దింపొద్దు, చేతి గుడ్డను పైన వెడల్పుగా కోయండి. చెయ్యి ముక్కలో భుజం కుట్టుకు చేరే పై భాగం గుండ్రంగా ఎత్తుగా ఉంటే చెయ్యి దించినప్పుడు నున్నగా అందంగా ఉంటుంది, ఎత్తితే పట్టేస్తుంది. అదే ఎత్తు తగ్గించి వెడల్పు పెంచితే చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది, దించినప్పుడు చంక కింద ఒకటి రెండు ముడతలు కనిపిస్తాయి. రెండూ ఒకేసారి పూర్తిగా రావు. పెళ్లిలో కుర్చీలో కూర్చునే జాకెట్టుకు మొదటిది, రోజూ బండి నడిపే జాకెట్టుకు రెండోది. గుడ్డ సరిపోతే చేతులు క్రాస్‌లో కోయమనవచ్చు. ఐమూలగా కోసిన నూలు గుడ్డ కాస్త సాగుతుంది.

కొలత ఇచ్చేటప్పుడు రెండు చేతులూ కొలవమనండి. పని చేసే చెయ్యి, చాలామందికి కుడిది, రెండోదానికంటే కాస్త లావుంటుంది. చీర కట్టులో కొంగు ఎడమ భుజం మీద పడుతుంది కాబట్టి ఫొటోల్లో బయటికి కనిపించేదీ ఎక్కువమందికి ఆ కుడి చెయ్యే. చుట్టుకొలత చేతిలో అన్నిటికంటే లావైన చోట తీయాలి, దానికి అంగుళం నుంచి అంగుళంన్నర కలపాలి. మోచేతి దాకా అయితే చెయ్యి మడిచి ఇంకోసారి. మడిచినప్పుడు మోచేతి చుట్టుకొలత పెరుగుతుంది, నిటారుగా ఉంచి కొలిస్తే ఆ లెక్క అందదు.

ఇంకో చిక్కు గుడ్డ చాలకపోవడం. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. పెద్ద సైజుకి మోచేతి చేతులు కావాలంటే మీటరు పడుతుంది. అది ముందే చెప్పకపోతే టైలర్ ఉన్న గుడ్డలోనే ఎలాగో సర్దుతాడు. సర్దేది లోపల వదలాల్సిన కుట్టు ఖాళీలోంచి. ఆరు నెలలకు కాస్త ఒళ్లు వస్తే విప్పడానికి లోపల ఏమీ మిగలదు. రెండు వైపులా కనీసం ముప్పావు అంగుళం వదలమని గట్టిగా చెప్పాలి. నూలు గుడ్డనీ లైనింగ్‌నీ కుట్టించే ముందు తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పై గుడ్డ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. చెయ్యి లావెక్కిందని మళ్లీ మనమే అనుకుంటాం.

"ఈ వయసులో ఆ సేతులేటే?"

ఇంతవరకూ చెప్పినవన్నీ టేపుతో తేలేవి. తేలనిది ఒకటుంది. "ఓలమ్మ, ఈ వయసులో ఆ సేతులేటే?" అని పెద్దమ్మ అనే మాట. అందులో కోపం కూడా ఉండదు, ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యం వెనక వయసొస్తే చేతులు కప్పుకోవడం మన పద్ధతి అన్న నమ్మకం ఉంది.

అంత పాత పద్ధతేమీ కాదది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మన ముత్తవ్వల తరం వాళ్లు, కొన్నిచోట్ల అమ్మమ్మలు కూడా, అసలు రవికే లేకుండా చీర చుట్టుకుని పొలం పని, ఇంటి పని చేసుకున్నారు. చేతులు భుజాల దాకా బయటే. వాటి మీద పచ్చబొట్లు, దండకడియాలు. ముడతలు పడిన చేతిని చూసి ఎవరూ కప్పుకోమనలేదు. అదే కాలంలో ఆచారం పట్టింపున్న కుటుంబాల్లో భర్త పోయిన ఆడమనిషి రవిక వేసుకోవాలన్నా వేసుకోనివ్వలేదు. ఇప్పుడు మనకు తెలిసిన చేతుల జాకెట్టు పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బాగా వ్యాపించింది. చీర మీద జాకెట్టు వేసుకుని నలుగురిలోకి వెళ్లే తీరుకు బెంగాల్‌లో దారి వేసినవాళ్లలో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందిని దేవి పేరు చెబుతారు. ఒకప్పుడు చేతులున్న రవిక వేసుకుంటేనే వింతగా చూశారు, ఇప్పుడు చేతుల్లేకపోతే వింతగా చూస్తున్నారు. ఎంత గుడ్డ ఉండాలన్నది మారుతూ వచ్చింది. అది వేసుకునే మనిషి కాక పక్కవాళ్లు నిర్ణయించడం మాత్రం మారలేదు.

మన్నన తెలిసినవాళ్లు కూడా ఈ మాటలనడానికి వెనకాడరు. పైగా పొగడ్తలా అంటారు. "ఈ జాకెట్టులో చేతులు కనపడ్డం లేదు, బాగున్నావు వదినా" అని. ఆ మాట విన్న మనిషి ఆ తర్వాత పొట్టి చేతులు వేసుకోదు.

మన ఒంటిని మనమే పరాయి కళ్లతో అస్తమానం కాపలా కాసే ఈ అలవాటు మీద 1997లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతమే రాశారు. ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి ఎలా కనిపిస్తున్నావన్నదే చెబుతుంటే ఆమె కొన్నాళ్లకు తనను తాను బయటి నుంచి చూసుకోవడం నేర్చుకుంటుంది, దాని వెంట సిగ్గూ టెన్షనూ వస్తాయన్నది దాని సారం. వయసుతో ఇది ఏమవుతుందన్న దాని మీద ఆస్ట్రేలియా పరిశోధకురాలు మారికా టిగ్గెమాన్ 2004లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ సమీక్షించారు. ఒంటి మీద అసంతృప్తి ఇరవైలో ఎంతో అరవైలోనూ దాదాపు అంతే ఉంటుందట. కానీ ఒంటి తీరుకు, కనిపించే తీరుకు మనిషి ఇచ్చే విలువ వయసుతో తగ్గుతూ వస్తుందట. నాకిది చాలా నిజమనిపిస్తుంది. నచ్చకపోవడం ఎక్కడికీ పోదు, అయినా దాని కోసం ఫంక్షన్ మానేయాలనిపించదు. "నీ ఒంటిని ప్రేమించు" అని బోర్డులు పెట్టేవాళ్లు అడిగేది ఆ నచ్చకపోవడమే పోవాలని, మనకు నిజంగా చేతనయ్యేది దానికి అంత విలువ ఇవ్వకపోవడం.

ఉల్టా ఒత్తిడి కూడా ఈ మధ్య చూస్తున్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు "అమ్మా, నువ్వు స్లీవ్‌లెస్ వేసుకో, ఎవరేమనుకుంటే ఏంటి" అని వెంటపడుతుంది. ప్రేమతోనే. కానీ నిండు చేతుల్లో హాయిగా ఉండే మనిషిని ధైర్యం లేనిదానిలా చూడడం కూడా పక్కవాళ్ల తీర్పే కదా. ఊడుపుల్లో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా తొడుక్కుని దిగుతారు. ఎండకు, ఆకు గీరకుండా ఉండడానికి. అందులో దాపరికమూ లేదు, ధైర్యమూ లేదు. పని ఉంది, దానికి తగ్గ చేతులున్నాయి. స్కూల్లో బోర్డు మీద రాసే టీచరమ్మకు మోచేతి చేతులు కావాలనిపిస్తే అదీ అంతే.

తేడా తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటుంది. ఆ చేతులు వేసుకున్నాక రోజంతా చెయ్యి మర్చిపోతే అది సరైన పొడవు. గంటకోసారి కొంగు కుడి భుజం మీదికి లాక్కుంటున్నా, ఫొటో అనగానే వెనక వరసలోకి జరుగుతున్నా, పొట్టిదైనా పొడుగైనా అది మీది కాదు.

టైలర్‌కి ఇచ్చేముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. చేతుల్లేని బనియనో పాత స్లీవ్‌లెస్ కుర్తానో వేసుకుని, జాకెట్టు రంగు గుడ్డ ముక్క ఒకటి చేతి చుట్టూ చుట్టి అద్దం ముందు నిలబడి, మూడు అంగుళాల దగ్గర నుంచి ఒక్కో అంగుళం కిందికి దించుతూ చూడాలి. ఒక చోట చెయ్యి పొట్టిగా మొద్దుగా కనిపిస్తుంది, ఇంకో అంగుళం దిగగానే తేలికపడుతుంది. ఇది ఒక్కొక్కరికి ఒక్కో చోట. అద్దానికి రెండు గజాల దూరంలో నిలబడండి. మనల్ని జనం చూసేది ఆ దూరం నుంచే. మరీ దగ్గరికి వెళ్లి చూస్తే ఎవరి చెయ్యీ బాగుండదు.

రెడీమేడ్ కుర్తాలు కొనేవాళ్లకు ఇంకో మాట. శ్రీకాకుళం జీటీ రోడ్డులోనైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా స్లీవ్‌లెస్ కుర్తా చూసి వెనక్కి పెట్టేసేముందు లోపల తిప్పి చూడండి. చాలావాటికి చేతుల ముక్కలు లోపలే కుట్టకుండా పెట్టి ఉంటాయి. వాటిని మనకు కావలసిన పొడవుకి వేయించుకోవచ్చు. అయితే ఆ ముక్కలు సన్నటి చేతులకు కోసినవి, కొలిచి గానీ కుట్టించకూడదు.

ఇక బీరువాలో ఇప్పటికే ఉన్న బిగుతు జాకెట్ల మాట. పొట్టి చేతుల్ని పొడుగు చేయడం, అంచు లోపల మడత ఎక్కువుంటే తప్ప, కుదరదు. వేరే రంగు గుడ్డ అతికిస్తే అతుకులానే ఉంటుంది. మోచేతి చేతుల్ని పొట్టి చేయడం మాత్రం పావుగంట పని, తీసేసిన గుడ్డ పారేయకండి. పాత లాల్చీల్లో చంక కింద నాలుగు పలకల చిన్న ముక్క వేసి కుట్టేవాళ్లు, చెయ్యి ఎత్తినా చొక్కా లేవకుండా. జాకెట్టుకీ అదే వేయవచ్చు. చేతి నుంచి కత్తిరించిన గుడ్డలోంచి రెండేసి అంగుళాల ముక్కలు రెండు కోసి, చంక కుట్టు విప్పి అక్కడ వేయిస్తే చుట్టుకొలత పెరుగుతుంది. చెయ్యి దించితే ఆ ముక్క బయటికి కనిపించదు. లైనింగ్ ఉన్నవాటికి పై గుడ్డకీ లైనింగ్‌కీ రెండింటికీ వేయాలి, కొందరు టైలర్లు పైదానికి మాత్రమే వేసి ఇచ్చేస్తారు, తీసుకునేటప్పుడు లోపల చూసుకోండి.